పని సున్నా అయితే కూలెంత?

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ కలిపి చూస్తే సగానికి పైగా కొత్తగా డిగ్రీలో చేరినవాళ్లవే. ఫిజిక్స్ బుర్రకెక్కడం లేదని కొందరు, ఫిట్‌నెస్ కోర్సు తీసుకోవాలా వద్దా అని ఇంకొందరు. ఫిజిక్స్ ఈ నెలా, ఫిట్‌నెస్ వచ్చే నెలా వేద్దామనుకున్నాను గానీ, చదువుతుంటే ఒకళ్ల ప్రశ్నకి జవాబు ఇంకొకళ్ల ఉత్తరంలో దొరుకుతోంది. అందుకని అన్నీ కలిపేశాను.

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ మొదటి సంవత్సరం ఫిజిక్స్ చదువుతున్నాను. మా నాన్న రైసు మిల్లులో బస్తాలు మోస్తారు. బస్తా మోస్తూ చదును నేల మీద ఎంత దూరం నడిచినా బస్తా మీద చేసిన పని సున్నా అని క్లాసులో చెప్పారు. ఇంటికెళ్లి ఆ మాట చెప్తే నాన్న నవ్వి, "మరి కూలి కూడా సున్నాయేనా ఏంటమ్మా?" అన్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పుస్తకం తప్పా, నాన్న తప్పా?
— ఒక విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: ఇద్దరిదీ తప్పు లేదమ్మా. ఫిజిక్స్‌వాళ్లు ఊళ్లో తిరుగుతున్న "పని" అనే మాటని పట్టుకెళ్లి దానికి చాలా ఇరుకైన అర్థం ఇచ్చుకున్నారు, వచ్చిన చిక్కంతా అక్కడే. వాళ్ల లెక్కలో బలం ఏ దిక్కున పనిచేస్తోందో ఆ దిక్కున వస్తువు కదిలితేనే పని. మీ నాన్నగారు బస్తాని పైకి మోస్తున్నారు, బస్తా ముందుకి పోతోంది. రెండిటి మధ్యా కోణం 90 డిగ్రీలు, కొసైన్ 90 సున్నా, కాబట్టి బస్తాకి కొత్తగా శక్తేమీ చేరలేదు. మిల్లు గుమ్మం దగ్గర ఎంత ఎత్తులో ఉందో లారీ దగ్గరా అంతే ఎత్తులో ఉంది. పుస్తకం చెప్పేది బస్తా సంగతి. మీ నాన్నగారి ఒంటి సంగతి అది ఎత్తనే లేదు.

ఆ ఒంట్లో ఏం జరుగుతోందో చూద్దాం. ఏటికి ఎదురుగా తెడ్డేస్తూ పడవని ఉన్నచోటే నిలబెట్టడం ఎప్పుడైనా చూశావా? గట్టు మీద కూర్చున్నవాడికి పడవ కదలనట్టే ఉంటుంది, తెడ్డు వేసేవాడికి మాత్రం రెక్కలు పడిపోతాయి. కండరం బరువు పట్టుకుని నిలబడితే లోపల జరిగేది దాదాపు అలాంటిదే. మయోసిన్ అనే ప్రోటీన్ తలలు ఆక్టిన్ అనే పోగుల్ని పట్టి లాగుతాయి, వదిలేస్తాయి, మళ్లీ పట్టుకుంటాయి. పట్టి వదిలిన ప్రతిసారీ కండరానికి ఇంధనంలాంటి ఏటీపీ అణువు ఒకటి ఖర్చు. బయటికి కండరం పొడవు మారకపోయినా లోపల ఈ తెడ్డు ఆగదు, ఖర్చైన శక్తంతా వేడిగా పోతుంది. అదే బస్తాని గోడ మేకుకి తగిలిస్తే మేకుకి అన్నం పెట్టక్కర్లేదు. మేకు చేసిన పనీ సున్నాయే, నాన్న చేసిన పనీ సున్నాయే, సాయంత్రం ఆకలేసేది మాత్రం నాన్నకే. పైగా మనం నడిచేటప్పుడు ఒళ్లు అడుగడుక్కీ కొద్దిగా లేచి పడుతుంటుంది, నెత్తిన బస్తా ఉంటే అదీ లేచి పడుతుంది. కాబట్టి "చదును నేల" అన్నది కూడా పుస్తకం కోసం కొంత నునుపు చేసిన మాటే.

సున్నా కాని చోటు కూడా లెక్క కట్టి నాన్నకి చూపించు. మన వైపు ధాన్యం బస్తా 75 కిలోలు. మీ నాన్నగారు 60 కిలోలనుకుందాం. బల్ల మీదుగా లారీలోకి 1.2 మీటర్ల ఎత్తు ఎక్కారనుకో, 135ని 9.8తోనూ 1.2తోనూ గుణిస్తే సుమారు 1,590 జౌళ్లు. రోజుకి 200 బస్తాలైతే దాదాపు 3,18,000 జౌళ్లు, అంటే 76 కిలో కేలరీలు. ఒకటిన్నర, రెండు ఇడ్లీల్లో ఉండేంత! ఇంతేనా అని మళ్లీ ఏడవకు. కండరం తిన్నదాంట్లో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుస్తుంది, కాబట్టి ఆ ఎక్కడానికే ఒంట్లో 300 నుంచి 380 దాకా ఖర్చు. మోస్తూ నడిచింది, వంగింది, ఉత్త చేతులతో దిగి వచ్చింది, మొయ్యకుండా నిలబడ్డా ఒళ్లు తినేది, ఇవన్నీ దీనికి అదనం. ఇంకో సంగతి, 75 కిలోల బస్తాని నేల మీంచి వీపు మీదకి ఎత్తేది సాధారణంగా పక్కనున్న ఇద్దరు. ఫిజిక్స్ ప్రకారం ఆ ఎత్తిన పని వాళ్ల ఖాతాలో పడుతుంది, ఈ మాట మాత్రం మిల్లులో చెప్పకు.

అసలు దెబ్బ తగిలేది నడుముకి. బరువు వెన్నుకి ఎంత దూరంగా ఉంటే నడుము కండరాలు అంత గట్టిగా లాగాలి, ఎందుకంటే వాటికి దొరికే మీట పొడవు 5 సెంటీమీటర్ల చిల్లర. అందుకే అనుభవమున్నవాళ్లు బస్తాని వీపుకి అతికించినట్టు పెట్టుకుంటారు, టార్క్ పాఠం చదవకపోయినా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఒక సిఫారసు చేసింది. ఒక మగ మనిషి మొయ్యాల్సిన బరువు 55 కిలోల కన్నా ఎక్కువ ఉన్నచోట దాన్ని వీలైనంత త్వరగా 55కి దించాలని. మన బస్తా ఇంకా 75 దగ్గరే ఉంది. మీ క్లాసులో ఎవరైనా మళ్లీ పని సున్నా అని నవ్వితే ఈ రెండు అంకెలూ బోర్డు మీద రాసి కూర్చో.

ప్రశ్న: మా కాలేజీలో ఫిట్‌నెస్ అని ఒక చిన్న కోర్సు పెట్టారు. అది తీసుకుంటే మార్కులు ఊరికే వస్తాయంట, గ్రౌండులో రెండు రౌండ్లు కొట్టి సంతకం పెడితే చాలంట. నేను ఫిజిక్స్ స్టూడెంట్‌ని, టైం వేస్ట్ అవుతుందని టెన్షన్‌గా ఉంది సార్.
— ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: రెండు రౌండ్లు కొట్టి సంతకం పెట్టే కోర్సయితే నిజంగానే వేస్ట్ బాబూ, అందులో అనుమానం లేదు. కానీ సరిగ్గా చెప్పే పీడీ గారు, అదే వ్యాయామం నేర్పే మాస్టారు, దొరికితే అది నీకు ఇంకో ల్యాబ్. గుండె ఊపిరితిత్తుల దమ్ము, కండ బలం, కండ ఓర్పు, కీళ్లు వంగే గుణం, ఒంట్లో కొవ్వుకీ మిగతాదానికీ ఉన్న పాళ్లు, మొదటి క్లాసులో చెప్పేవి ఈ ఐదే. తర్వాత వారానికి ఎన్నిసార్లు, ఎంత గట్టిగా, ఎంతసేపు, ఏ రకం అన్న నాలుగు ప్రశ్నలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ, దానికి తోడు రెండు రోజులు కండరాలకి పని. థియరీ చాలావరకు ఇంతే, రెండు గంటల్లో చదివేయొచ్చు. రుచంతా కొలవడంలో ఉంది.

మీ ఇంటికి అరుగుందా? లేకపోతే తాతగారింట్లోనైనా ఉంటుంది. మూర మీద కాస్త ఎక్కువగా, 20 అంగుళాల ఎత్తు, అంటే 50.8 సెంటీమీటర్లు, ఉన్న అరుగు వెతుకు. హార్వర్డ్ స్టెప్ టెస్ట్ అని 1943 నాటి పరీక్ష ఒకటుంది. నిమిషానికి 30 సార్లు ఎక్కి దిగాలి, 5 నిమిషాలు. అయ్యాక కూర్చుని ఒక నిమిషం ఆగి 30 సెకన్లు నాడి లెక్కపెట్టాలి, రెండో నిమిషం తర్వాత ఇంకో 30 సెకన్లు, మూడో నిమిషం తర్వాత ఇంకో 30. ఎన్ని సెకన్లు ఎక్కావో దాన్ని 100తో గుణించి, ఆ మూడు లెక్కల మొత్తానికి రెట్టింపుతో భాగించు. 300 సెకన్లూ నిలబడి, నాడి 75, 60, 50 వచ్చిందనుకో, 30,000ని 370తో భాగిస్తే 81. ఎనభై దాటితే బాగున్నట్టు, 90 పైన చాలా బాగున్నట్టు, 55 లోపైతే పకోడీలు కొన్నాళ్లు మానెయ్. మూడు నిమిషాలకే కాళ్లు ఒప్పుకోకపోతే ఆపేసి, ఎక్కిన సెకన్లే లెక్కలో వెయ్యి. గుండె జబ్బు, ఆయాసం, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా దీని జోలికి వెళ్లొద్దు.

ఇక్కడిదాకా ఫిట్‌నెస్. ఇప్పుడు అదే అరుగు మీద ఫిజిక్స్ చేద్దాం. నువ్వు 60 కిలోలైతే ఒక్కసారి ఎక్కడానికి 60 ఇంటూ 9.8 ఇంటూ 0.508, దాదాపు 299 జౌళ్లు. రెండు సెకన్లకి ఒకసారి ఎక్కుతున్నావు కాబట్టి సామర్థ్యం, అంటే పవర్, 149 వాట్లు. పాత సీలింగ్ ఫ్యాన్లు రెండు తిరగడానికి సరిపోతుంది. చేలో ఉన్న 5 హార్స్‌పవర్ మోటారు 3,730 వాట్లు, కాబట్టి నీలాంటివాళ్లు 25 మంది అరుగెక్కి దిగుతూ ఉంటే ఒక మోటారు! మా రోజుల్లో సామర్థ్యం అనే పాఠాన్ని ఇలా ఎవరూ చెప్పలేదు. మాకు చెప్పింది ఎప్పుడూ ఏదో క్రేను, అది ఎత్తే ఏదో ఇనప దిమ్మె. నేను క్రేనుని చూసింది ఉద్యోగంలో చేరాక.

నాడి గురించి ఒక మాట. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం అని ప్రతి జిమ్ గోడ మీదా రాసి ఉంటుంది. అది సగటు మాత్రమే. ఒక్కో మనిషికి పదీ పన్నెండూ అటూ ఇటూ మామూలుగానే ఉంటుంది. ఫిజిక్స్ ల్యాబ్‌లో స్క్రూ గేజితో తీగ మందం ఒకసారే కొలిచి వదిలేస్తే రికార్డు మీద సంతకం పెట్టరు కదా, మరి నీ గుండెకి ఒక్క రీడింగ్ ఎలా సరిపోతుంది? ఐదు రోజులు పొద్దున్నే లేవగానే నాడి చూసి సగటు తీయ్. కోర్సు తీసుకో.

ప్రశ్న: నేను బరువు తగ్గాలని మే నెల నుంచి కాలవ గట్టు మీద ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని నడుస్తున్నానండి. చెమట ధారగా కారుతోంది, ఒక్క రోజే కిలో దిగాను. ఆరోగ్యమేనా?
— ఒక గృహిణి, మండపేట

జవాబు: వెంటనే ఆ జాకెట్ తీసెయ్యండమ్మా. దిగిన కిలో నీళ్లే, చెంబెడు మజ్జిగ తాగితే తిరిగొచ్చేస్తుంది. చెమట ఉన్నది ఒళ్లు చల్లబరచడానికి, అదీ ఆవిరైతేనే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి పట్టుకుపోతుంది, అదే బొట్టుబొట్టుగా కారి నేల మీద పడితే చేసే మేలు దాదాపు ఏమీ ఉండదు. అసలే మన డెల్టాలో గాలినిండా తేమ, ఆ ఉక్కపోతలో చెమట ఆరడమే గగనం, దాని మీద ప్లాస్టిక్ కప్పితే వడదెబ్బకి కబురు పెట్టినట్టే. కిలో కొవ్వంటే దాదాపు 7,700 కిలో కేలరీలు. 70 కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే ఖర్చు సుమారు 50. భాగించి చూడండి, రాజమండ్రి నుంచి విజయవాడ దాకా నడిచినంత. ఇంకో విచిత్రం, కరిగిన కొవ్వులో ఎక్కువ భాగం చెమటగా పోదు. 10 కిలోలు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ముక్కులోంచే బయటికి పోతాయి, మిగతా 1.6 కిలోలు నీరు. అలాగని గట్టిగా ఊపిరి వదిలితే తగ్గుతారా అని ఉత్తరం రాయకండి.

ప్రశ్న: ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీలో మొత్తం ఇంగ్లీషు. స్పీడు, వెలాసిటీ, వెక్టర్ అంటుంటే ఏదీ పట్టుబడటం లేదు. మానేసి వేరే గ్రూపుకి పోదామనిపిస్తోంది. రోజూ సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురం కాలేజీకి వస్తానండి.
— ఒక విద్యార్థి, సఖినేటిపల్లి మండలం

జవాబు: నువ్వు రోజూ పంటు ఎక్కి వసిష్ఠ గోదావరి దాటుతూ వెక్టర్ అర్థం కాలేదంటే నేనొప్పుకోను. పడవ నడిపేవాడు అవతలి రేవుకి సూటిగా ముక్కు పెడతాడా? ప్రవాహం లాగేస్తుందని కాస్త ఎగువకి పెడతాడు. పడవ పోయేది ఒక బాణం, నీళ్లు లాగేది ఇంకో బాణం, రెండూ కలిస్తే సరిగ్గా రేవు. సదిశల, అంటే వెక్టర్ల, సంకలనం అంటే అంతే, బొమ్మ గీసుకో. సాయంత్రం తిరిగి సఖినేటిపల్లి రేవులో దిగావనుకో, బయల్దేరిన చోటికే వచ్చావు, స్థానభ్రంశం సున్నా, రోజంతటికీ సగటు వేగం సున్నా. కానీ తిరిగిన దూరం ఉంది కాబట్టి సగటు వడి ఉంది. వడి అంటే స్పీడు, వేగం అంటే వెలాసిటీ, నీకు స్కూల్లోనే చెప్పారు. సామర్థ్యం అంటే పవర్, ద్రవ్యవేగం అంటే మొమెంటం, గరిమనాభి అంటే సెంటర్ ఆఫ్ గ్రావిటీ. నోట్సులో ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లీషు మాట రాసుకుంటూ పో, మొదటి సెమిస్టర్‌కి నూటయాభై మాటలు దాటవు.

నాదీ తెలుగు మీడియమే. డిగ్రీలో మొదటి యూనిట్ టెస్టులో 25కి 6 వచ్చాయి. జవాబు 9.8 అని రాసి యూనిట్లు వదిలేస్తే మా లెక్చరర్ ఎర్ర సిరాతో "9.8 ఏమిటి? మామిడికాయలా?" అని రాసి పేపరు క్లాసంతా తిప్పారు. తిప్పకుండా ఉండాల్సింది, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ ఆ తర్వాత యూనిట్లు మర్చిపోలేదు. గ్రూపు మారకు, కనీసం ఒక సెమిస్టర్ ఆగు.

ప్రశ్న: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీసు చేస్తున్నాను గురువుగారూ. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి, నాకు 8.40 అవుతోంది. మొదటి రౌండు అందరికన్నా ముందు నేనే, మూడో రౌండుకి కాళ్లు బిగుసుకుపోతున్నాయి. అంతర్వేది బీచ్‌లో ఇసక మీద పరిగెత్తితే తగ్గుతుందా? లాంగ్ జంప్ కూడా 3.80 దగ్గర ఆగిపోతున్నాను.
— ఒక అభ్యర్థి, రాజోలు

జవాబు: మొదటి రౌండు ఎంతలో కొడుతున్నావో రాయలేదు, బహుశా నిమిషం ఇరవైకి అటూ ఇటూ అయ్యుంటుంది. రోగం అక్కడే ఉంది అబ్బాయ్. 8 నిమిషాలంటే 400 మీటర్ల రౌండుకి సరిగ్గా 2 నిమిషాలు, గంటకి 12 కిలోమీటర్ల వేగం. సైకిల్ మీద నింపాదిగా పోయేవాడి పక్కన పరిగెత్తినట్టు. పరుగులో కిలోకి కిలోమీటరుకి దాదాపు ఒక కిలో కేలరీ ఖర్చు, నువ్వు మెల్లగా పోయినా జోరుగా పోయినా ఆ మొత్తం పెద్దగా మారదు. 60 కిలోలుంటే 1600 మీటర్లకి వంద లోపే. మారేది ఆ ఖర్చుని ఎంత తొందరలో పెడుతున్నావన్నది. గుండె, ఊపిరితిత్తులు ఆక్సిజన్ అందించగలిగినదాన్ని దాటి జోరు పెంచితే కండరం అప్పు చేస్తుంది, ఆ అప్పు మూడో రౌండులో గుమ్మం ముందుకొచ్చి కూర్చుంటుంది. స్టాప్‌వాచ్ ఉన్న ఒక స్నేహితుణ్ణి నిలబెట్టి ప్రతి 200 మీటర్లకీ నిమిషం అయిందో లేదో అరవమను. మొదటి రౌండులో నీ ముందు పదిమంది పోతుంటే చూస్తూ ఊరుకోవడమే నీకు కష్టమైన ఎక్సర్‌సైజు.

ఇసకలో పరుగు దమ్ముకి మంచిదే, ఖర్చు గట్టినేల కన్నా ఒకటిన్నర రెట్లు పైనే. నువ్వు తన్నిన శక్తిలో చాలాభాగం ఇసక రేణువులు జరగడానికే పోతుంది, తిరిగి నీకు రాదు. వారానికి ఒకసారి చాలు. పరీక్ష గట్టి ట్రాక్ మీద కాబట్టి కాళ్లకి ఆ తాళమే అలవాటు కావాలి.

లాంగ్ జంప్ సంగతికొస్తే, పుస్తకంలో 45 డిగ్రీలకి గరిష్ఠ వ్యాప్తి, అంటే అన్నిటికన్నా ఎక్కువ దూరం, అని చదివి గాల్లోకి నిలువుగా లేస్తున్నావేమో చూసుకో. 45 నిజమే, ఏ కోణానికైనా ఒకే వేగంతో విసరగలిగే రాయికి. మనిషి పరుగున వచ్చి 45లో లేవాలంటే పరుగు చంపుకోవాలి. అందుకే మంచి జంపర్లు కూడా 20 డిగ్రీల దగ్గరే లేస్తారు. సెకనుకి 7 మీటర్ల వేగంతో 20 డిగ్రీల్లో లేస్తే సూత్రం ఇచ్చేది 3.2 మీటర్లే. మిగతాది లేచేటప్పుడు ఎత్తులో ఉన్న గరిమనాభి దిగేటప్పుడు కిందికి రావడం వల్ల, కాళ్లు ముందుకి చాపడం వల్ల వస్తుంది. కాబట్టి పరుగు వేగం పెంచు, ఎత్తు గురించి ఆలోచించకు. 100 మీటర్ల ప్రాక్టీసే నీ లాంగ్ జంప్ ప్రాక్టీసు కూడా.

ప్రశ్న: మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్‌లో కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్లు అన్నారు. మరి ఎదుటివాడికి తగిలితే చచ్చిపోడా?
— ఒక స్కూలు విద్యార్థి, అమలాపురం

జవాబు: చచ్చిపోడు నాన్నా, కంటికి మాత్రం తగలకూడదు. 2023లో గిన్నిస్ రికార్డైన ఆ 565 రాకెట్ వదిలిన క్షణంలో వేగం, సెకనుకి 157 మీటర్లు. కాక్ బరువు 5 గ్రాములు. సగం ఇంటూ ద్రవ్యరాశి ఇంటూ వేగం వర్గం వేస్తే గతిజ శక్తి 62 జౌళ్లు. 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే 160 గ్రాముల క్రికెట్ బంతిలో దానికి దాదాపు రెట్టింపు, 121 జౌళ్లు. పైగా ఈకల గంపలా ఉండే కాక్‌ని గాలి వెంటనే పట్టేస్తుంది. ఎంత ఎత్తు నుంచి వదిలినా సెకనుకి 7 మీటర్ల లోపు వేగంతోనే దిగుతుంది. 15 మీటర్ల చెట్టు మీంచి కిలోన్నర కొబ్బరికాయ రాలితే 220 జౌళ్లు, భయపడాల్సింది దానికి.

ప్రశ్న: ఇన్ని చెప్తారు, మీరు ఏ జిమ్‌కి వెళ్తారండి?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఏ జిమ్‌కీ వెళ్లను. సాయంత్రం కాలవ గట్టు మీద సైకిలు తొక్కుతాను, పోయేటప్పుడు గాలి వీపున ఉంటుంది కాబట్టి నాకు పాతికేళ్లే అనిపిస్తుంది. వచ్చేటప్పుడు అదే గాలి మొహాన కొడుతుంది. గాలి అడ్డం వేగం వర్గంతో పెరుగుతుంది. నేను గంటకి 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుంటే ఎదురుగాలి ఇంకో 15 ఉంటే మొహానికి తగిలేది 30, అడ్డం నాలుగింతలు. ఈ లెక్క ముప్పై ఏళ్లు క్లాసులో చెప్పాను. నిన్న మాత్రం సగం దారిలో దిగిపోయి సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చాను.